రెండు నిమిషాల నలభై ఆరు సెకన్లు

పోయినవారం పోచమ్మను సాహితి టేబుల్ ముందు నిలబెట్టి వదిలేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, టేబుల్ అద్దం మీద పరిచి, దాని మీద వేలు ఆనించి నిలబడి ఉంది.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టుకు వెళ్లే రోడ్డు పక్కన, భాగ్యలక్ష్మికి పండ్ల గోదాం ఉంది. మహేశ్వరం అవతల తన పుట్టినూరి రైతులు దించిన మామిడిని చల్లగా దాచి, విమానమెక్కించి పైదేశాలకు పంపుతుంది. మే నెల రెండో శనివారం తెల్లవారకముందే ఆ గోదాంలో కోల్డ్ రూమ్ ఆగిపోయింది. శని, ఆదివారాలు సెలవు. సోమవారం తలుపు తీసేసరికి లోపల బేనిషాన్ పండ్లన్నీ మెత్తబడి, రసం కారి, వాకిలిదాకా ఈగలు. ఆ రాత్రి కాపలా ఉన్నది మొగులయ్య. “ఆఫీసుకు ఫోన్ చేసిన, మెసేజీ మిషిన్ల చెప్పిన” అని ఆయన మొత్తుకున్నాడు. మెసేజీలేమీ లేవని ఆఫీసు మేనేజరు సాహితి చెప్పింది. డ్యూటీలో నిద్రపోయి, పైగా అబద్ధమాడుతున్నాడని అందరి ముందూ మాట పడి మొగులయ్య ఇల్లు చేరాడు. నెలన్నర అయింది.

పోచమ్మ ఆయన భార్య. ఆమె తెచ్చిన కాగితం, బస్టాండు పక్కన సెల్లు దుకాణంలో తీయించిన కాల్ లిస్టు.

“నాకు సదువు రాదు బిడ్డా,” అంది పోచమ్మ. సాహితితో కాదు, పక్కన నిలబడ్డ భాగ్యలక్ష్మితో. “దుకాణపాయన సదివి చెప్పిండు. గీ నెంబరు మీ ఆఫీసుదే. పొద్దుగాల నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు చేసిండు. రెండు నిమిషాల నలభై ఆరు సెకన్లు మాట్లాడిండంట. ఎవ్వరు ఎత్తకపోతే, మిషిన్ల ఏం లేకపోతే, గంతసేపు మా ముసలోడు గాలితోని మాట్లాడిండా?”

భాగ్యలక్ష్మి కాగితం అందుకుని కళ్లజోడు సర్దుకుంది. యాభై దాటిన మనిషి. సొంతూళ్లో ఆమెను ఇప్పటికీ భాగ్యమ్మ అనే పిలుస్తారు. మొగులయ్య ఆమెకు వరసకు కాక, అంటే బాబాయి. ఆమె తండ్రి పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో ఒకడు.

“నువ్వు బయట జరసేపు కూసో చిన్నమ్మా. నేను సూస్త,” అంది.

“కూసుంట. గని ఇయ్యాల ఇది తేలకుంట నేను పోను. రేపు ఊర్ల రైతుల మీటింగున్నదంట గద. నువ్వు వచ్చి మల్ల గదే మాటంటే ఆయన తట్టుకోడు.”

పోచమ్మ బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది. భాగ్యలక్ష్మి తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని సాహితి ఎదురుగా కూర్చుంది.

“తియ్యి ఫోన్. నా ముందర చూడు.”

సాహితి టేబుల్ మీది ఫోన్ స్పీకర్ ఆన్ చేసి, మెసేజీల బటన్ నొక్కి, పిన్ కొట్టింది. కొత్త మెసేజీలు ఏమీ లేవని ఆడగొంతు ఒకటి చెప్పింది. నెలన్నర కిందట ఆ సోమవారంనాడు, కుళ్లిన పండ్ల వాసన మధ్య, సరిగ్గా ఇదే బటన్ ఇలాగే నొక్కి, ఇదే గొంతును భాగ్యలక్ష్మికి వినిపించింది. “లేదండీ మేడమ్. ఏమీ రాలేదు,” అని చెప్పింది. ఇప్పుడూ ఆ మాటే చెప్పి ఊరుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

ఆఫీసు ఫోన్లను కొత్త ఇంటర్నెట్ ఫోన్ కంపెనీకి మార్చాలన్నది సాహితి పట్టుదలే. పాత కంపెనీ లైనులో ఎప్పుడు మాట తెగిపోతుందో తెలిసేది కాదు. దుబాయి వాళ్లతో మాట్లాడుతుంటే సగంలో గురగురమనేది. “నాకు వదిలేయండి మేడమ్, ఒక్కరోజులో మార్పిస్తాను,” అంది మీటింగులో. “సాహితి చేతుల పెడితే పని అయినట్టే,” అంది భాగ్యలక్ష్మి, ప్యాకింగు వాళ్లందరూ వింటుండగా. ఆ మాట సాహితికి చాలారోజులు తియ్యగా ఉంది.

ఆ గురువారం కొత్త ఫోన్లు పెట్టారు. బిగించడానికి వచ్చినాయన వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. నంబరు బదిలీ కావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, ఈలోగా బయటి నుంచి వచ్చే ఫోన్లు పాత కంపెనీకే వెళ్తాయి, అక్కడి వాయిస్‌మెయిల్ చూసుకుంటూ ఉండండి, అని. సాహితి తలూపింది. ఇన్నాళ్లూ పాత ఫోన్లో బటన్ నొక్కితే చాలు, పిన్ అడిగేది కాదు. సాయంత్రం సెల్లు నుంచి ఆ పాత బాక్సు తెరవబోతే, కొట్టిన పిన్ తప్పు అంది. మూడుసార్లు కొట్టేసరికి తాళం పడిపోయింది. తణుకులో పిన్ని కూతురి పెళ్లి. రైలుకు టైమవుతోంది. సోమవారం చూద్దాంలే అనుకుని బయల్దేరింది.

ఆ సోమవారం భాగ్యలక్ష్మి అడిగినప్పుడు పాత బాక్సు సంగతి తనకు తట్టలేదని సాహితి ఎన్నోసార్లు తనకు తానే చెప్పుకుంది. కాని తట్టింది. బటన్ మీద వేలు పెట్టినప్పుడే తట్టింది. కొత్త బాక్సు ఖాళీగా ఉంటుందని తెలిసే నొక్కింది. ఆ తర్వాత రెండు రోజులకు పాత కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. దాన్ని చదివి, మూసేసి, రాత్రి వంటింట్లో చేతిలో గిన్నె పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. రేపు చెప్దాం అనుకుంది. మరునాడు మొగులయ్యను పంపేశారు. ఇంక చెప్పడం మరింత కష్టమైంది. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది తప్ప తగ్గలేదు.

“ఏందే, గట్ల కూసున్నవ్?” అంది భాగ్యలక్ష్మి. “ఈ కాగితం అబద్ధం చెప్పదు గద. కంపెనీకి ఫోన్ చెయ్యి.”

“ఏ కంపెనీకండీ?”

అడిగిన తర్వాత తెలిసింది, ఆ ప్రశ్నతోనే తాను దొరికిపోయానని. భాగ్యలక్ష్మి కళ్లు చిన్నవయ్యాయి.

“ఎన్ని కంపెనీలున్నయి?”

సాహితి పాత కంపెనీ కస్టమర్ కేర్ నంబరు కలిపింది. పాట, పాట మధ్యలో క్షమించమని ఒక గొంతు, మళ్లీ పాట. నెత్తిమీదుగా విమానం దిగుతుంటే కిటికీ అద్దం సన్నగా వణికింది. చివరికి ఒకమ్మాయి పలికింది.

“నమస్కారమండీ, అరుణను మాట్లాడుతున్నాను. చెప్పండి.”

సాహితి ఆఫీసు నంబరు చెప్పి, మే పదో తేదీ మెసేజీ ఒకటి కావాలని అడిగింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

“మీరు వేరే కంపెనీకి మారారు కదండీ. ఇప్పుడు మీ ఫోన్లో బటన్ నొక్కితే వాళ్ల బాక్సే తెరుచుకుంటుంది. పాతది మా దగ్గర వేరేగా ఉంటుంది. నలభై ఐదు రోజులు ఉంచుతామండీ.” కీబోర్డు చప్పుడు. “మీ గడువు ఈరోజుతో అయిపోతుందండీ. సాయంత్రం ఆరింటికి చెరిగిపోతుంది. ఆ తర్వాత మేము కూడా తీయలేము.”

గోడ గడియారంలో నాలుగుంబావు.

“ఇన్ని దినాలు మాకు ఒక్క మాటన్న చెప్పలేదేందమ్మా?” భాగ్యలక్ష్మి ఫోన్ మీదికి వంగింది.

“నాలుగుసార్లు మెయిల్ పెట్టామండీ. మొదటిది మే పద్నాలుగున. మీ పాత బాక్సులో వినని మెసేజీలు మూడు ఉన్నాయని, పిన్ మార్చుకోవడానికి లింకు కూడా ఇచ్చాం.” మళ్లీ కీబోర్డు చప్పుడు. “ఆ మెయిల్ తెరిచినట్టే చూపిస్తోందండీ ఇక్కడ. అదే రోజు రాత్రి.”

 లైనులో ఉన్న అరుణ తను అనకూడనిదేదో అన్నట్టు నెమ్మదించి, “ఆ లింకు ఇప్పటికీ పనిచేస్తుందండీ. ప్రయత్నించండి, ఏమైనా ఇబ్బంది వస్తే మళ్లీ చేయండి,” అని పెట్టేసింది.

సాహితి కంప్యూటర్ వైపు తిరిగింది. వెనక భాగ్యలక్ష్మి లేచి వచ్చి నిలబడ్డ సంగతి తెలుస్తూనే ఉంది. ఆ మెయిల్ వెతకడానికి సాహితికి అర నిమిషం కూడా పట్టలేదు. వందల మెయిళ్ల కింద అది ఎక్కడుందో ఆమె వేళ్లకు తెలుసు. అది వెనకున్న మనిషి కూడా చూసింది. లింకు నొక్కింది. కొత్త పిన్ అడిగింది. ఇచ్చింది. మళ్లీ ఒకసారి కొట్టమంది. కొట్టింది. తాళం విప్పుకుంది. నెలన్నరగా కుదరని పనికి మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మొదటి మెసేజీ శుక్రవారం సాయంత్రానిది. ట్రేలు తెచ్చే బండి డ్రైవరు, ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని, గేటు మూయొద్దని. రెండోది మొదలయ్యే ముందు మిషిన్ గొంతు తేదీ, టైము చెప్పింది. మే పది. ఉదయం నాలుగూ యాభై రెండు.

“హలో... మాట్లాడొచ్చునా... ఆఁ, బీప్ అన్నది. సాహితి మేడమ్, నేను మొగులయ్యను, గోదాం కాడికెల్లి. కోల్డు రూము మిషిన్ బందయింది మేడమ్. గిప్పుడే, ఒక పావుగంటయింది. కరెంటు ఉన్నది. బల్బులు ఎలుగుతున్నయి. మిషిన్ ఒక్కటే తిరుగుతలేదు. ఎర్ర బుగ్గ లైటు కొట్టుకుంటున్నది. రెండుసార్లు బందువెట్టి మల్ల చాలు చేసి చూసిన, అయితలేదు. మీ సెల్లుకు చేసిన మేడమ్, మూడుసార్లు. బందున్నది. పెండ్లి కాడ ఉన్నరు గద, అలిసి పండుకున్నరేమో పాపం. భాగ్యమ్మ ఫోన్ గూడ బందున్నది, తిర్పతిల ఉన్నట్టున్నది. అందుకే మీరు చెప్పినట్టు దీంట్ల చెప్తున్న. లోపల మనూరోల్ల పండ్లున్నయి మేడమ్. గోపయ్య తోటయి, అందరియి. ఎండలు గట్టిగున్నయి. జర మిస్త్రీని తోలుండ్రి. ఆరింటికి నా డూటీ దిగుతది. నేను పోచమ్మను తీస్కొని దవాఖానకు పోవాలె, కన్ను ఆపరేషన్ గద. తాళంచెవి డబ్బాల ఏసి పోత. గంతే మేడమ్. ఉంటా.”

ఉంటానన్నాడు కాని ఫోన్ ఆపడం ఆయనకు తెలియలేదు. దగ్గు వినిపించింది. చెప్పుల చప్పుడు. దూరంగా విమానం. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, “ఇంటదా గిది?” అన్నాడు. ఎవరో విడమరచి చెప్పినట్టు తనే మళ్లీ, “ఇంటది. మేడమ్ చెప్పింది గద,” అనుకున్నాడు. మిగిలిన సెకన్లన్నీ ఖాళీగా గడిచి, కట్ అయింది.

ఆయనకు అది నేర్పింది సాహితే. రెండేళ్ల కిందట, తనే ఆయన్ను ఈ టేబుల్ దగ్గర నిలబెట్టి, ఆయన సెల్లు నుంచే చేయించి, ‘ఎవరూ ఎత్తకపోతే బెంగపడకండి మొగులయ్యగారూ, బీప్ అన్నాక మీరు చెప్పేది చెప్పండి, పొద్దున్నే నేను వింటాను’ అంది. అప్పటినుంచి ఆయన చెప్పిన ప్రతిదీ విని, గంటలోపు మనిషిని పంపించేది. బల్బు పోయినా, గేటు చక్రం ఊడినా. ఆయన మిషిన్‌ను నమ్మలేదు. తనను నమ్మాడు.

“తప్పు నాదండీ మేడమ్.” సాహితి తలెత్తలేకపోయింది. “పాత బాక్సు తెరవలేకపోయాను. చెప్పడానికి నామోషీ అనిపించింది. నేను తెచ్చిన కంపెనీ, నేను చేయించిన మార్పు. మెయిల్ చూశాక కూడా... చెప్పలేదు. రేపు మీటింగుకు నేను వస్తాను. అందరికీ నేనే చెప్తాను.”

భాగ్యలక్ష్మి అరుస్తుందనుకుంది. పొమ్మంటుందనుకుంది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి, అవతల ట్రేలు కడుగుతున్న ఆడవాళ్లను చూస్తూ నిలబడింది.

“గా దినం నేను ఏమన్ననో యాదికున్నదా నీకు?” అంది. “ఇరవై మంది ముందర. ‘ఈ వయసుల గింత అబద్ధమెందుకే కాకా’ అన్న. ఆయన నా మొకమే చూస్తుండె. ఒక్క మాట ఎదురు చెప్పలే. చెప్పుల్ల కాళ్లు పెట్టుకొని పోయిండు.”

“మేడమ్—”

“నువ్వు చెప్పకు. ఇను.” ఆమె వెనక్కి తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి కాని గొంతు గట్టిపడింది. “ఊరందరికి నేనే చెప్పిన, కాకదే తప్పని. గిప్పుడు పోయి, కాదు, మా ఆఫీసుదే తప్పు, నేను ముసలాయనను ఉత్తగ బద్నాం చేసిన అంటే, ఎవ్వరన్న నా మొకం మీద ఊంచకుంట ఉంటరా? వచ్చే యేడు ఒక్క కాయ నా గేటు దాటుతదా? నువ్వు ఒక్కదానివి తప్పంతా ఎత్తుకుంట అంటే అయితదా? నిన్ను పెట్టుకున్నది నేను.” గడియారం వైపు చూసింది. “ఆరింటికి అదే చెరిగిపోతదన్నది గద ఆ పోరి. పోనియ్యి. కాకను రెండు నెలలు ఆగి మల్ల పనిలకు తీస్కుంట. చిన్నమ్మకు నేను చెప్పుకుంట, ఏం దొరకలేదని. నువ్వు మాత్రం ఏం మాట్లాడకు.”

బయట లారీ హారన్ మోగింది. భాగ్యలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుని, పెరటి తలుపు గుండా గోదాం వైపు వెళ్లిపోయింది.

సాహితి కుర్చీలో కూలబడింది. ముందుగా ఆమె మనసులో కదిలిన మాట, ‘బతికిపోయాను’ అన్నది. ఆ మాట అంత సులువుగా, అంత హాయిగా వచ్చింది. ఉద్యోగం ఉంటుంది. పేరు ఉంటుంది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే. ఈ నెలన్నరా చేసింది అదేగా. గ్లాసులో నీళ్లు గటగటా తాగింది. ఆ తర్వాత చెవుల్లో మొగులయ్య దగ్గు మళ్లీ వినిపించింది. పాపం అలిసి పండుకున్నారేమో అన్నాడు. తన మీద జాలిపడ్డాడు ఆ మనిషి. గ్లాసు కింద పెట్టేసింది.

అయిదు దాటింది. తలుపు కొద్దిగా తెరుచుకుని పోచమ్మ ముఖం కనిపించింది. ఆపరేషనైన కన్ను ఎండకు ఇంకా ఓర్చుకోలేదేమో, సగం మూసి చూస్తోంది.

“మేడమ్, దొరికిందా?”

ఏం దొరకలేదంటే సరిపోతుంది. రెండే రెండు మాటలు. సాహితి లేచి నిలబడింది. 

“దొరికిందమ్మా. లోపలికి రండి. కూర్చోండి.”

పోచమ్మ కుర్చీ అంచు మీద కూర్చుంది. సాహితి రెండో మెసేజీ మళ్లీ పెట్టింది. పోచమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, పొరుగింటి నుంచి పిలుపు వింటున్నట్టు విన్నది. ‘ఇంటదా గిది’ అన్నచోట పెదవులు కదిలాయి. మెసేజీ అయిపోయింది. సాహితి ఆపబోయేలోగా మూడోది మొదలైపోయింది. ఇది భాగ్యలక్ష్మి వినలేదు. సాహితీ వినలేదు. శనివారం మధ్యాహ్నం రెండింటికి, ఇంకెవరిదో నంబరు నుంచి.

“మేడమ్, మొగులయ్యను. నా ఫోన్ల పైసలయిపోయినయి, పక్క మంచమోల్లది అడిగి చేస్తున్న. మిస్త్రీ వచ్చిపోయి ఉంటడు. ఊకెనే అడుగుదామని. ఇక్కడ ఆపరేషన్ మంచిగయింది. కట్టు కట్టిండ్రు. లోపలికి తీస్కపోయేదాక పోచమ్మ నా చెయ్యి ఇడువలే, మస్తు భయపడ్డది. గిప్పుడు పండుకున్నది. పండ్ల కాడ మీరున్నరు గద, నాకు రంది లేదు. ఉంటా మేడమ్.”

 “అవును,” అంది పోచమ్మ. “అడిగిండు. పక్క మంచం పిల్లను ఫోన్ అడిగిండు. కట్టు కింద నాకు కనపడుతలేదు, గని ఇనపడ్డది. ఎవ్వరికే అంటే, కొలువు కాడికి అన్నడు.”

“పోచమ్మగారూ.” సాహితి ఆమె ముందు నిలబడింది. “ఇది ఇవాళ దొరకలేదండీ. ఇందులో మెసేజీలున్నాయని నాకు అప్పుడే తెలుసు. ఆయన్ను పంపేసిన రోజుకే తెలుసు. పరువు పోతుందని నోరు విప్పలేదు.”

పోచమ్మ ఆ సగం మూసిన కంటితోనే ఆమెను చూసింది. తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. అదేదో పెడితే బాగుండుననిపించింది సాహితికి.

“గప్పటిసంది దెలుసు నీకు.”

“తెలుసమ్మా.”

“మొన్న గోపయ్య మా వాకిట్లకెల్లి పోయిండు,” అంది పోచమ్మ, సంబంధం లేని సంగతి చెబుతున్నట్టు. “చిన్నప్పటిసంది ఇద్దరు ఒక్క చుట్టను సగం సగం తాగినోల్లు. గోపయ్య చెట్లకు మా ముసలోడే నీళ్లు కట్టిండు. గసుంటిది, మొకం అటు తిప్పుకొని పోయిండు. మా ఆయన అరుగు మీద కూసోని ఆయన్నే చూసుకుంట, ‘నిద్రపోయిననేమోనే పోచీ’ అన్నడు. ‘అందరు గట్లనే అంటున్నరంటే, నిజంగ నిద్రపోయి కలల ఫోన్ చేసిననేమో’ అన్నడు. గా మాటకే నేను దుకాణంకు పోయి కాగితం తీపిచ్చిన.”

సాహితి రెండు చేతులూ జోడించింది. 

“దండాలు నాకెందుకు? ఇది నాకెందుకు ఇనిపిస్తున్నవ్?” పోచమ్మ లేచింది. “ఆయన అబద్ధమాడడని నాకు తెల్వదా? ఊరికి ఇనిపియ్యి. రేపు మీటింగుల ఇనిపియ్యి. గా గోపయ్య ఇనాలె.”

“రేపటికి ఇది ఉండదమ్మా. ఆరింటికి చెరిగిపోతుంది.”

“నీ సెల్లుల పట్టుకో మరి!”

సాహితి అప్పుడే ఆ ఆలోచన చేసి పక్కన పెట్టింది. ఇన్ని రోజుల తర్వాత సెల్లులో పట్టిన గొంతు వినిపిస్తే, ఇప్పుడు ఆయనచేత చెప్పించి తెచ్చారనే అంటారు ఊళ్లో. తేదీ, టైముతో కంపెనీ వాళ్లే ఇచ్చిన కాపీ చేతిలో ఉండాలి. అయిదూ ముప్పై ఎనిమిది. కస్టమర్ కేర్ నంబరు మళ్లీ కలిపింది. అదే పాట. పోచమ్మ గడియారం చదవలేదు కాని, సాహితి దాన్ని చూస్తున్న తీరుకే ఊపిరి బిగబట్టింది. అయిదూ నలభై ఏడుకు అరుణ గొంతు పలికింది.

“ఇస్తామండీ. తేదీ, టైము, చేసిన నంబరు అన్నీ వేసి ఇస్తాం. మీ మెయిల్‌కే పంపిస్తాను. కాకపోతే బాక్సులో వినడానికి పిన్ చాలుగాని, కాపీ ఇవ్వాలంటే ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల సెల్లుకు ఓటీపీ వెళ్తుంది. అది మీరు నాకు చెప్పాలి. చివర ఒకటి, ఏడు ఉన్న నంబరండీ. మీదేనా?”

సాహితిది కాదు. భాగ్యలక్ష్మిది.

“పంపమంటారా అండీ? ఇంకో పన్నెండు నిమిషాలే ఉంది.”

సాహితి పోచమ్మ వైపు చూసింది. ఆమెకు ఓటీపీ అంటే ఏమిటో తెలియదు. అయినా కళ్లార్పకుండా సాహితి నోటివైపే చూస్తోంది.

“పంపండి,” అంది సాహితి.

పెరటి తలుపు దగ్గర టింగుమని చిన్న చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. భాగ్యలక్ష్మి గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో, ఏమేమి విన్నదో తెలియదు. చేతిలో ఫోన్ వెలుగుతోంది. ఆ వెలుగులోకి ఒకసారి చూసి, తర్వాత చిన్నమ్మ ముఖంలోకి చూసింది.

“వచ్చిందాండీ?” స్పీకర్లోంచి అరుణ అడిగింది. “మూడు నిమిషాలే పనిచేస్తుంది. నంబరు చెప్పండి.”

సాహితి భాగ్యలక్ష్మి వైపు చెయ్యి చాచింది.

“హలో? వినబడుతోందాండీ? నంబరు చెప్తారా?”